మా తమ్ముడు అగ్నివీర్‌కి పోతా అంటాండాడు, పంపియ్యాలా వద్దా? తెలిసినోళ్ళు చెప్పండి, పార్టీ గొడవలు వద్దు

పాకాల_జంక్షన్

అందరికీ నమస్తే. మా తమ్ముడికి 19 ఏళ్ళు. ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరినాడు గానీ మనసు ఆడ లేదు, తెల్లారి నాలుగున్నరకి లేచి రైల్వే గేటు దాకా పరిగెత్తి వచ్చి నిమ్మకాయ నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంటాడు. అగ్నివీర్ (నాలుగేళ్ళ మిలిటరీ ఉద్యోగం) ఆన్‌లైన్ పరీక్ష పాసయినాడు, ఇంక ర్యాలీలో గ్రౌండు కొట్టాల. ఇంట్లో రెండు పార్టీలు అయిపోయినాయి. మా నాయన "నాలుగేళ్ళ కూలికి పానం పెట్టేదేందిరా" అంటాడు, మా అమ్మేమో "ఈడుంటే మాత్రం ఏం జేస్తాడు, బండేసుకుని బైపాస్‌లో తిరగడమే గదా" అంటుంది.

నిన్న సాయంత్రం తిరుపతిలో లీలామహల్ కాడ టీ అంగట్లో మా మామని, ఆయన ఫ్రెండ్సు ఇద్దర్ని అడిగినా. అడిగింది తమ్ముడి గురించి. రెండు నిమిషాల్లో ఒకాయన "ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకి ఒకే పెన్షన్) ఇచ్చిందెవరు చెప్పు" అని, ఇంకొకాయన "71లో పాకిస్తాన్‌ని రెండు ముక్కలు జేసిందెవరు చెప్పు" అని గ్లాసులు బల్ల మీద కొట్టుకునేదాకా పోయినారు. ముగ్గుర్లో ఒక్కరు గూడా ఒక్క దినం యూనిఫాం వేసినోళ్ళు కాదు. టీ డబ్బులు నేనే కట్టి వచ్చినా.

నా డౌటు ఇది. ఢిల్లీలో కూచున్నోళ్ళు చేసే నిర్ణయాలు మామూలు సిపాయికి, రిటైరయి ఇంటికొచ్చినోడికి ఎంతవరకు తగుల్తాయి? గవర్నమెంటు మారితే రూలు గూడా మారిపోతాదా? నాలుగేళ్ళ తర్వాత ఏమవుతాదో ఎవరికైనా తెలుసా?

లెక్కలోడు_తిరుపతి

బ్రో ఎమోషన్ పక్కన పెట్టి లెక్క చూడండి. మొదటి సంవత్సరం ప్యాకేజీ నెలకి 30,000, చేతికి 21,000, మిగతా 9,000 సేవానిధికి, దానికి సమానంగా గవర్నమెంటు ఇంకో 9,000 వేస్తుంది. నాలుగో సంవత్సరానికి ప్యాకేజీ 40,000. నాలుగేళ్ళు అయ్యాక వడ్డీతో కలిపి 11.71 లక్షలు, దాని మీద ట్యాక్స్ లేదు. తిండి, బట్ట, ఉండేది అన్నీ వాళ్ళవే. శ్రీసిటీలో షిఫ్టు పని చేసే మన పిల్లలు 23 ఏళ్ళకి అంత వెనకేశారా చెప్పండి. పైగా వందలో 25 మంది దాకా రెగ్యులర్‌గా ఉంచుకుంటారు.

ఇంక గవర్నమెంటు ఎందుకు చేసిందంటే, 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకి మొత్తం 6.81 లక్షల కోట్లు ఇస్తే అందులో 1.60 లక్షల కోట్లు పెన్షన్లకే పోయింది. అంటే రూపాయిలో పావలా దాకా. ఆ పెన్షన్ల ఖర్చు మొత్తం మీద పెరుగుతూ పోయేదే. మరి విమానాలు, తుపాకులు దేంతో కొంటారు? ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ నిర్ణయం తీసుకోవాల్సిందే, వీళ్ళు తీసుకున్నారు. పేరు చెడ్డా ధైర్యం చేశారు అంటాను నేను.

ఎస్వీయూ_గ్రౌండు

లెక్కలోడన్నా, లెక్క బాగుంది గానీ ఆ లెక్కలోకి రాని పిలకాయలు నా కాడ ఉండారు.

నేను పొద్దున పూట తారకరామ స్టేడియంలో, యూనివర్సిటీ గ్రౌండులో పిల్లోళ్ళకి ఊరికే పరుగు నేర్పిస్తా, ఫీజులు గీజులు లేవు. 2020లో కరోనా అని భర్తీ ర్యాలీలు ఆపేసినారు, రెండేళ్ళు ఆగింది. కొంతమంది ర్యాలీ అయిపోయి మెడికల్ అయిపోయి ఉత్త రాత పరీక్ష కోసం ఎదురు చూస్తా ఉండిరి. 2022 జూన్ 14న అగ్నిపథ్ అని ఈ అగ్నివీర్ల పథకం చెప్పినారు, పాత భర్తీలన్నీ క్యాన్సిల్. గ్రౌండు కొట్టినోడు, మెడికల్ పాసయినోడు అందరూ మళ్ళీ మొదటికి. వయసు లిమిట్ 21 అన్నారు, గొడవ అయినాక ఆ ఒక్క సంవత్సరానికి 23 చేసినారు. మూడు దినాలకే సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఒక పిల్లోడు చచ్చిపోయినాడు. ఆ తర్వాత "గొడవల్లో లేము అని రాసియ్యాల, పోలీసు వెరిఫికేషన్ ఉంటాది, ఎఫ్ఐఆర్ ఉంటే రానియ్యం" అన్నారు.

నా కాడ పరిగెత్తినోడు ఒకడు, కార్వేటినగరం వైపు. అయిదు నిమిషాల ఇరవై సెకండ్లకే 1600 మీటర్లు కొట్టేసేవాడు, ఆవలించినంత ఈజీగా. రెండేళ్ళలో వాడి వయసు దాటిపోయింది. ఇప్పుడు పుత్తూరు కాడ టైర్ల అంగట్లో ఉండాడు. ఈ మధ్య పోతే నా బండికి గాలి పట్టి డబ్బులు తీసుకోలే. వాడి విషయంలో ఎవరు ధైర్యం చేసినారో నాకు అర్థం కాలా.

నో_పాలిటిక్స్_ప్లీజ్

పార్టీ గొడవలు వద్దు అన్న పోస్టు కింద మొదటి కామెంటుకే బడ్జెట్ వచ్చింది 😀 పాప్‌కార్న్ కాదు, బొరుగుల మిక్చర్ తెచ్చుకుంటా ఉండండి.

మిలిటరీ_మామ

నాయనా పాకాల, నాది పలమనేరు పక్కన. 1985లో బెంగుళూరు పోయి మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీ ఇంజనీర్ల దళం) చేరినా, 2002లో హవల్దారుగా ఇంటికి వచ్చినా. ఫోన్లో తెలుగు కొట్టేది నాకు అలవాటు లేదు, మా మనవరాలు కొడతా ఉంది, నేను చెప్తా ఉండా, తప్పులుంటే ఆ పిల్లవి.

నువ్వు అడిగినావే, ఢిల్లీ నిర్ణయం సిపాయికి ఎంత తగులుతాదని. నాకు తగిలింది చెప్తా. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక ప్రెసిడెంటు జయవర్దనే సంతకాలు పెట్టుకున్నారు కొలంబోలో. మమ్మల్ని పంపించేటప్పుడు ఏం చెప్పినారంటే, శాంతి కోసం పోతా ఉండారు, ఎల్‌టీటీఈ పులులు ఆయుధాలు మీకు అప్పజెప్తారు, వాటిని లెక్కబెట్టి తీసుకోవడమే మీ పని అని. మొదట్లో జాఫ్నాలో జనం కొబ్బరి బోండాలు ఇచ్చినారు. నాకు అరవం వస్తాది గదా మన చిత్తూరోళ్ళకి అందరికీ వచ్చినట్టే, నన్నే ముందు పెట్టి మాట్లాడించేవాళ్ళు, ముసిలోళ్ళు "తంబీ" అని పిలిచి కూచోబెట్టేవాళ్ళు. అక్టోబర్ వచ్చేసరికి అదే రోడ్డు మీద మందుపాతర్లు. తీసేది మా సాపర్ల పని గదా, పొడుగు కడ్డీ పట్టుకుని బోర్లా పడుకుని మట్టిని గుచ్చుకుంటా పోవాల, జానెడు జానెడు. ఎండకి చెమట కంట్లో పడతా ఉంటాది, తుడుచుకునేదానికి చెయ్యి తియ్యకూడదు. అవతల ఇంట్లోనుంచి ఎవరో పిల్లోడిని తిడతా ఉండే గొంతు, మా పలమనేరు బస్టాండులో వినే అరవమే. ఆ పులులకి ముందు ట్రైనింగు ఇచ్చింది గూడా మన దేశంలోనే అని మాకు తర్వాత తెలిసింది.

దగ్గర దగ్గర 1,200 మంది పోయినారు మనోళ్ళు. మధ్యలో ఢిల్లీలో గవర్నమెంటు మారింది, అక్కడ ప్రేమదాస వచ్చి మమ్మల్ని పొమ్మన్నాడు, 1990 మార్చిలో ఆఖరి ఓడలు మద్రాసుకు వచ్చినాయి. స్వాగతానికి తమిళనాడు ముఖ్యమంత్రి రాలే. కరుణానిధి నేను పోను అని చెప్పేసినాడు. పంపించినోడు ఓడిపోయినాడు, పిలిపించినోడికి మేము తలనొప్పి, దిగిన ఊర్లో మేము శత్రువులం. మేమేం చేసినామబ్బా, చెప్పిన చోటికి పోయినాం, చెప్పినప్పుడు వచ్చినాం. కొలంబో కాడ మనోళ్ళ పేర్లు రాసి స్మారకం కట్టింది శ్రీలంక గవర్నమెంటు. ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ మీద ఆ పేర్లు చెక్కేసరికి 2019.

మీ తమ్ముడికి వద్దు అని చెప్పడంలే. అడిగినావు గాబట్టి చెప్పినా.

గుడిపాల_రోడ్డు

మామా, మీ సర్వీసుకి దండం. ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను. కరుణానిధి రాకపోవడం అంటే మిమ్మల్ని అవమానించడం అని ఎందుకు అనుకోవాలి? మా అమ్మమ్మ వాళ్ళది వేలూరు పక్కన, ఆ రోజుల్లో అక్కడ ప్రతి టీ కొట్టులో జాఫ్నా ఫొటోలే. ఆయనకి ఓటేసిన జనం ఏడుస్తా ఉంటే ఆయన పూలదండ పట్టుకుని హార్బర్‌కి ఎట్లా పోతాడు? సైన్యాన్ని పంపింది ఢిల్లీ, కోపం చూపించాల్సింది ఢిల్లీ మీద, ఆయన అదే చేసినాడు.

అసలు నాయకుడు మంచోడా చెడ్డోడా అన్నది కాదు సార్ పాయింటు, సైన్యం మాట వింటాడా లేదా అన్నది. 1959లో ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య రాజీనామా చేసినాడు రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో పడక, నెహ్రూ బుజ్జగించి వెనక్కి తీసుకునేలా చేసి, తర్వాత పార్లమెంటులో ఆయన్నే తప్పు పట్టినాడు. మూడేళ్ళకి 1962 చైనా యుద్ధం. చలి బట్టలు సరిగా లేకుండా, సరైన బూట్లు లేకుండా అంత ఎత్తుకి పంపినారు. దాని మీద రాసిన హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టు ఈ రోజుకీ గవర్నమెంటు బయట పెట్టలే, మధ్యలో అన్ని రంగుల గవర్నమెంట్లు వచ్చి పోయినాయి. అదే 1971లో ఏప్రిల్‌లోనే యుద్ధం చేద్దామా అని ఇందిరమ్మ అడిగితే, ఇప్పుడు వద్దమ్మా, వానలొస్తాయి, నా ట్యాంకులు ఎక్కడెక్కడో ఉన్నాయి అని ఆర్మీ చీఫ్ మానెక్‌షా చెప్పినాడు, ఆమె ఆగింది. డిసెంబర్‌లో 93,000 మంది లొంగిపోయినారు. కాంగ్రెస్సే, తండ్రీకూతుళ్ళే, ఆయన వినలే, ఈమె వినింది.

మిలిటరీ_మామ

హార్బర్ మాట సరే, వదిలేస్తా, నీ వైపు నుంచి నువ్వు చెప్పినావు. రాజీవ్ గాంధీని చంపిన శ్రీపెరంబుదూరు మన చిత్తూరు నుంచి మద్రాసు పోయే దారిలోనే గదా, ఆ దినం నేను సెలవులో ఇంటికాడ ఉన్నా. రేడియోలో విని మా అమ్మ ఏడిచింది. నాకు ఏడుపు గూడా రాలా, కోపం గూడా రాలా.

అయితే ఇందిరమ్మ వినింది అన్నావే, 71 గెలిచినాక సిపాయికి ఏం జరిగిందో గూడా చెప్పు. మా సీనియర్లు తిడతా ఉండేవాళ్ళు. 1973లో మూడో పే కమిషన్ వచ్చినాక సిపాయి పెన్షన్ 70 శాతం ఉండేదాన్ని 50కి దించినారు, సివిల్ వాళ్ళది 30 నుంచి 50కి ఎత్తినారు అని మాజీ సైనికుల సంఘాలు చెప్పే లెక్క. గెలిచి రెండేళ్ళు గాలే. ఇద్దర్నీ సమానం చేసినాం అన్నారంట. గుమాస్తా అరవై ఏళ్ళ దగ్గర రిటైరవుతాడు, సిపాయిని 35, 37 ఏళ్ళకే ఇంటికి పొమ్మంటారు, ఏం సమానం? నేను 36 ఏళ్ళకి ఇంటికొచ్చినా, మా పెద్దదానికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

లెక్కలోడు నాయనా, నువ్వు చెప్పే పావలా ఉంది చూడు, ఆ పావలా గొడవ 50 ఏళ్ళ నుంచి ఉంది. ప్రతి గవర్నమెంటూ సెల్యూట్ కొట్టేది సిపాయికి, చెయ్యి పెట్టేది ఆ పావలా మీద.

సుబేదారు_కూతురు

మామగారూ, ఆ ఆఖరి లైను స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

మాది చిత్తూరు. నాన్న 1991లో సుబేదారుగా రిటైరయ్యారు, ఆరేళ్ళ కింద పోయారు. ఓఆర్‌ఓపీ గురించి టీ అంగట్లో కొట్టుకున్నారన్నారు కదా, మా ఇంట్లో అది ఎట్లా వచ్చిందో చెప్తాను, ఎవరి ఖాతాలో వేసుకుంటారో వేసుకోండి. నాన్నతో ఒకే ర్యాంకులో, అంతే సర్వీసు చేసి పదిహేనేళ్ళ తర్వాత రిటైరైన ఆయనకి నాన్న కంటే చాలా ఎక్కువ పెన్షన్. ఇద్దరూ చిత్తూరులో ఒకే వీధి. ఆయన వస్తే నాన్న పెన్షన్ మాట రాకుండా మామిడికాయల మాట్లాడేవారు. 2011లో పార్లమెంటు వాళ్ళ కోష్యారీ కమిటీ ఇవ్వాల్సిందే అని రాసింది. 2013 సెప్టెంబర్‌లో రేవాడి సభలో మోదీ మాట్లాడితే నాన్న టీవీ సౌండు పెంచారు. 2014 ఫిబ్రవరిలో ఎన్నికల ముందు ఆర్థిక మంత్రి చిదంబరం ఇచ్చేశాం అని 500 కోట్లు పెట్టారు, తర్వాత తేలింది ఏటా 8,000 కోట్ల పైనే కావాలని. గవర్నమెంటు మారి సంవత్సరం అయినా రాలేదు. 2015 జూన్‌లో ముసలివాళ్ళు మెడల్స్ పెట్టుకుని జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు, ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినోత్సవం ముందు రోజు, పోలీసులు వాళ్ళని లాగారు. ఆ రోజు నాన్న అన్నం తినలేదు. సెప్టెంబర్ 5న రక్షణ మంత్రి పారికర్ ప్రకటించారు, నవంబర్‌లో ఉత్తర్వు.

వచ్చింది, అబద్ధం చెప్పను, వచ్చింది. అరియర్స్ పడిన రోజు నాన్న కాణిపాకం తీసుకుపోయారు అందర్నీ. ఐదేళ్ళకోసారి సవరిస్తామని అందులోనే రాశారు, అంటే 2019 జూలైలో రావాలి. రాలేదు. కేసు సుప్రీంకోర్టుకి పోయింది, 2022 మార్చిలో పథకం కరెక్టే గానీ 2019 సవరణ చెయ్యండి అని తీర్పు, డిసెంబర్ దాకా క్యాబినెట్ కాలేదు. ఆ తర్వాత బకాయిలు నాలుగు కంతుల్లో ఇస్తాం అని రక్షణ శాఖ సొంతంగా కాగితం తీసింది, 2023 మార్చిలో సీల్డ్ కవర్ పట్టుకుని పోతే కోర్టు తీసుకోను అని, ముందు కుటుంబ పెన్షన్‌దార్లకి ఏప్రిల్ ఆఖరుకి ఇవ్వండి, 70 దాటినవాళ్ళకి జూన్ ఆఖరుకి ఇవ్వండి అని తేదీలు వేసింది. నాన్న పోయింది 2019 ఆగస్టులో. సవరణ నెల ఆయన చూశారు, డబ్బు అమ్మ చూసింది.

కాబట్టి ఇచ్చింది ఎవరు అంటే ఇచ్చిన పార్టీ ఉంది, ఇచ్చేలా చేసింది ముసలివాళ్ళు, ఇచ్చిందాన్ని సమయానికి ఇప్పించింది కోర్టు.

లెక్కలోడు_తిరుపతి

మేడం సారీ మీ నాన్నగారి గురించి. ఒక్క మాట మాత్రం, 40 ఏళ్ళు ఎవరూ ఇవ్వలేదు, లేటైనా ఇచ్చింది ఈ గవర్నమెంటే, ఆ క్రెడిట్ ఇవ్వకపోవడం న్యాయం కాదు. 2024 జూలై నుంచి ఇంకో సవరణ కూడా వచ్చింది.

సుబేదారు_కూతురు

ఇచ్చాను కదండీ, కాణిపాకం పోయామని చెప్పాను కదా 🙂

బంగారుపాళ్యం_బుజ్జి

మీరందరూ ఆర్మీ ఆర్మీ అంటా ఉండారు. మా నాయన సీఆర్‌పీఎఫ్. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎనిమిదేళ్ళు. ఆయన్ని ఎవరూ మాజీ సైనికుడు అనరు, మా ఊర్లో మాత్రం అందరూ మిలిటరీ అనే పిలుస్తారు, ఆయన గూడా అది కాదు ఇది అని చెప్పి చెప్పి మానుకున్నాడు. 2004 జనవరి 1 తర్వాత చేరినోళ్ళకి పాత పెన్షన్ లేదు, జీతంలోంచి కోత పడే కొత్త పెన్షన్, ఎన్‌పీఎస్. త్రివిధ దళాలకి మాత్రం మినహాయింపు. నాయన 2006లో చేరినాడు. 2023లో ఢిల్లీ హైకోర్టు ఇవ్వమని చెప్తే సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. పుల్వామాలో పోయిన 40 మంది గూడా సీఆర్‌పీఎఫే గదన్నా. ఆ నెల మా ఊరి స్కూల్లో నాయన్ని పిలిచి శాలువా కప్పినారు, జైహింద్ అన్నారు. శాలువా బీరువాలో ఉంది.

అగ్నివీర్లకి సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో (సీఏపీఎఫ్) రిజర్వేషన్ అని గొప్పగా చెప్తారే, అంటే ఆర్మీలో పెన్షన్ రానోడు వచ్చి పాత పెన్షన్ లేని ఇంకో ఫోర్సులో చేరతాడు. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

పాకాల_జంక్షన్

ఇంత వస్తాదనుకోలే, అందరికీ థ్యాంక్స్. ఒకటి అడగాల. పోయినోళ్ళ ఇంటికి ఏం వస్తాది? మా నాయన భయం అదే, నోటితో అనడం లేదు గానీ.

ఎస్వీయూ_గ్రౌండు

చెప్తా, నాకు ఇది కంఠతా వచ్చు, ప్రతి అమ్మా ఇదే అడుగుతాది. అగ్నివీర్‌కి జీతంలో పట్టుకోకుండా 48 లక్షల ఇన్సూరెన్సు. డ్యూటీ వల్ల చనిపోతే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, నాలుగేళ్ళలో మిగిలిన కాలం జీతం, సేవానిధి. మొత్తం కలిపితే కోటి దాకా పోతాది. లేనిది ఏమంటే ఇంటోళ్ళకి నెల నెలా కుటుంబ పెన్షన్ లేదు. రెగ్యులర్ సిపాయి యుద్ధంలో పోతే భార్యకి ఆఖరి జీతం మొత్తం పెన్షన్‌గా వస్తాది. పక్కపక్క బంకర్లో ఉన్న ఇద్దరు ఒకే షెల్లుకి పోతే ఇద్దరి ఇండ్లకి వేరే వేరే.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం తండా పిల్లోడు పోయినాడే, అగ్నివీరే. మన రాష్ట్ర గవర్నమెంటు 50 లక్షలు, అయిదెకరాలు, ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం అని ప్రకటించింది, పవన్ కల్యాణ్ సొంతంగా 25 లక్షలు ఇచ్చినాడు. 2021 డిసెంబర్‌లో కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ రావత్‌తో పాటు పోయిన లాన్స్ నాయక్ సాయితేజ మన కురబలకోట మండలమే, అప్పటికి చిత్తూరు జిల్లానే, ఆ కుటుంబానికి గూడా అప్పటి గవర్నమెంటు 50 లక్షలు ఇచ్చింది. రెండు గవర్నమెంట్లూ చేసినాయి, మంచిదే. టీవీలో రాని చావుకి ఎంత వస్తాదో నన్ను అడగొద్దు.

మిలిటరీ_మామ

అయిదెకరాలు అంటే గుర్తొచ్చింది. మాకు గూడా భూమి ఇచ్చినారు నాయనా. మాజీ సైనికుల కోటాలో డీకేటీ పట్టా (గవర్నమెంటు అసైన్ చేసిన భూమి), అయిదెకరాల మెట్ట, రాళ్ళు ఏరి ఏరి మా ఆమె చేతులు పుండ్లు పడినాయి. పదేళ్ళు సాగు చేసినాక మాజీ సైనికుడు అమ్ముకోవచ్చని రూలే ఉంది, మామూలు డీకేటీ లాగా కాదు. రెండో దాని పెండ్లికి రెండెకరాలు అమ్ముదామని పోతే రిజిస్ట్రారు ఆఫీసులో కంప్యూటర్ చూసి "22ఏ లో ఉంది సార్, నిషేధిత భూమి" అన్నాడు. నాకు నిషేధం ఏందిరా, నాకిచ్చింది మీరే గదా అంటే, ఎన్‌ఓసీ తెచ్చుకో అన్నాడు. తాసిల్దారు కాడికి, ఆర్‌డీఓ కాడికి, కలెక్టరేట్ కాడికి. మందుపాతర ఎట్లా తియ్యాలో నాకు తెలుసు, ఆ ఫైలు ఎట్లా తియ్యాలో తెలీలే. వడ్డీకి తెచ్చి పెండ్లి చేసినా. ఆ ఫైలు నాలుగేళ్ళు తిరిగి వచ్చింది, అప్పటికి మనవరాలు పుట్టింది. ఇదో ఈ కొట్టే పిల్లే.

(తాత ఏడవడంలేదు, నవ్వతా ఉండాడు. మనవరాలు)

గుడిపాల_రోడ్డు

ఇదీ రాజకీయ నిర్ణయమే మామా. ఇచ్చింది ఒక గవర్నమెంటు, లిస్టులో పెట్టింది ఒక గవర్నమెంటు, తీస్తామని మేనిఫెస్టోలో పెట్టుకునేది ప్రతి గవర్నమెంటూ.

నో_పాలిటిక్స్_ప్లీజ్

సరే నేను గూడా సీరియస్‌గా ఒకటి అడుగుతా. మొదటి అగ్నివీర్ బ్యాచ్ 2022 ఆఖర్లో చేరినారు, అంటే నాలుగేళ్ళు 2026 ఆఖర్లో. ఆ 25 శాతంలో ఎవరుంటారు అనేది యూనిట్లో పక్క బెడ్డు మీద పడుకున్నోడితో పోటీ. నీకు నీళ్ళ సీసా ఇచ్చేవాడే నీ ర్యాంకుకి పోటీ. మామా మీ రోజుల్లో అట్లా ఉంటే జాఫ్నాలో ఏమయ్యేది?

మిలిటరీ_మామ

నేను బోర్లా పడుకుని గుచ్చుతా ఉంటే నా కాళ్ళు పట్టుకుని వెనక పడుకున్నోడు ఒకడు ఉండేవాడు, నామక్కల్ వాడు. ఏమన్నా అయితే లాగేదానికి. వాడికి నాకూ పోటీ లేదు. అంతకు మించి నేను చెప్పలేను, ఇప్పటి పిల్లోళ్ళు అట్లా ఉండరని గూడా అనను, నేను ఇప్పుడు లోపల లేను గదా.

లెక్కలోడు_తిరుపతి

ఇది నిజంగా ఆలోచించాల్సిన పాయింటే. 25ని 50 చేస్తే, మాజీ సైనికుడి హోదా ఇస్తే నా వరకు అభ్యంతరం లేదు. కేంద్రం గ్రూప్ సీ ఉద్యోగాల్లో మాజీ సైనికులకి 10 శాతం ఉంది కదా, ఇప్పుడు అగ్నివీర్‌కి ఆ హోదా లేదు. డబ్బు పెద్దగా ఖర్చు కాదు దానికి. పెన్షన్ మాత్రం అందరికీ అంటే మళ్ళీ నా పావలా దగ్గరికే వస్తాం, అక్కడ నేను మారను.

పాకాల_జంక్షన్

అన్న ఫోన్ తీసుకుని రాస్తా ఉండా, తమ్ముణ్ని. అన్న అడిగింది మొత్తం చదివినా, మామా మీది రెండు సార్లు చదివినా. పాకాలలో డిగ్రీ అయినోళ్ళు ఎంతమంది ఏం చేస్తా ఉండారో నాకు తెలుసు, అందుకే నేను పోతా. నాలుగేళ్ళే అని తెలిసే పోతా ఉండా, మోసపోయి కాదు. ఈపొద్దు 5 నిమిషాల 28 సెకండ్లు వచ్చింది. ఎస్వీయూ అన్నా, చివరి 200 మీటర్లలో కాళ్ళు పట్టేస్తా ఉండాయి, ఆదివారం మీ గ్రౌండుకి రావచ్చా?

ఎస్వీయూ_గ్రౌండు

అయిదుంబావుకి రా. ఎవరి బూట్లూ అడిగి వేసుకురావద్దు, నీ బూట్లే. నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకునేది ఆపు, పరిగెత్తినాక నడవాల.

సుబేదారు_కూతురు

తమ్ముడూ ఆల్ ది బెస్ట్. పోయే ముందు మీ అమ్మ పేరు, స్పెల్లింగు ఆధార్‌లో ఎట్లుందో అట్లే రాయించు, ఎగతాళి కాదు. మా అమ్మ పేరు రికార్డు ఆఫీసులో ఒక అక్షరం తేడా. పెన్షన్ బ్యాంకు నుంచి స్పర్శ్‌కి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి) మారినప్పటి నుంచి ఏటా లైఫ్ సర్టిఫికెట్ టైముకి ఇదే గోల. ఇప్పుడు ఇంకోటి, మెషీన్ మీద వేలిముద్ర పడటం లేదు. అమ్మ చిన్నప్పటి నుంచి చింతపండు కొట్టిన చెయ్యి, గీతలే లేవు. మీసేవలో మూడు సార్లు చేతులు కడిగించారు, సబ్బు పెట్టించారు, పడలేదు. రెండు నెలల నుంచి పెన్షన్ ఆగింది. ఎవరికైనా దారి తెలుసా?

మిలిటరీ_మామ

అమ్మా, వేలు పడకపోతే ఫోన్లోనే ముఖం చూపించి చేసేది ఉంది, జీవన్ ప్రమాణ్‌లో. మా మనవరాలు మా వీధిలో నలుగురికి చేసింది, వెలుతురు బాగుండాల, కండ్లు ఆర్పమన్నప్పుడు ఆర్పాల, అంతే. పేరు తేడా దానికి మాత్రం కాగితం కావాల. సోమవారం నేను చిత్తూరు సైనిక సంక్షేమ ఆఫీసు పని మీద వస్తా ఉండా. మీ నాన్న డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు కాగితం), అమ్మ ఆధారు, రెండు ఫొటోలు తీసుకుని పదింటికి రండి, అమ్మని గూడా తీసుకురండి. డిశ్చార్జి బుక్కు ట్రంకు పెట్టెలో అడుగున ఉంటాది, చూడండి, అందరూ ఆడే పెడతారు.

సుబేదారు_కూతురు

ట్రంకు పెట్టెలోనే ఉంది మామగారూ, కోటు కింద. వస్తాం.